ఈటె వీరుడు మత్తి యార్వినెన్

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును గూర్చి వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరినపుడు, నేనే కవి చరిత్రమో, ఏ రాజు చరిత్రమో వ్రాయుదునని వారు తలచియుందురు. అట్టివి పెద్దలెందరో వ్రాసియున్నారు; మన అలమారులలో నవి కావలసినన్ని గలవు. నేను గ్రామపు లెక్కలు వ్రాయుచు, గొలుసు పట్టించి పొలములు కొలిపించుచు కాలము గడపినవాడను. కొలత యనిన నాకు ప్రీతి. కావున కొలతకు నిలిచిన యొక మనుష్యుని కథ చెప్పదలచితిని. అతడు రాజు కాడు, కవియు కాడు. ఎనిమిది వందల గ్రాముల బరువుగల కొయ్య ఈటెను తన కాలమున లోకములో మరియెవ్వరును విసరనంత దూరము విసరినవాడు. ఆతని పేరు మత్తి యార్వినెన్. ఆతని దేశము ఫిన్లాండు.

ఈ కథ నెన్నుకొనుటకు మరియొక కారణము గలదు. 2021 సంవత్సరమున టోక్యో ఒలింపిక్ క్రీడలలో మన దేశీయుడగు నీరజ్ చోప్రా 87.58 మీటర్లు ఈటె విసరి స్వర్ణ పతకము నందినది మొదలు, మన యూరి పిల్లలు గూడ వెదురు కర్రలు చెక్కుకొని చెరువు గట్టు క్రింద విసరుచున్నారు. సాయంకాలము గ్రంథాలయము తలుపులు తీయు వేళకు వారి కేకలు వినబడుచుండును. వారిలో నొక బాలుడు మిక్కిలి బలిష్ఠుడు. కాడిని నాగలిని ఒక్కభుజముపై వేసికొని నడువగలవాడు. అయినను, బక్కపలుచని పిల్లవాడొకడు ప్రతిదినము వానికంటె నాలుగు బారలు ముందునకు విసరుచున్నాడు. ఆ బలిష్ఠుడు చిన్నబోయి, ఒకనాడు నా యొద్దకు వచ్చి, తన చేతిలో లోపమేమున్నదని యడిగెను. రెండు మూడు సాయంకాలములు గట్టుపై నిలిచి చూచితిని. లోపము చేతిలో లేదు, కాళ్ళలో నున్నది. ఆ సంగతి వానికి బోధపరచుటకు యార్వినెన్ జీవితముకంటె తగిన పాఠము నాకు కానరాలేదు.

మత్తి యార్వినెన్ 1909 ఫిబ్రవరి 18వ తేదీన టాంపెరె నగరమున జన్మించెను. రెండు సరస్సుల నడుమ, జలపాతపు నీటి బలముతో నడచు మిల్లులకు పేరుపడిన పట్టణమది. అప్పటికి ఫిన్లాండు స్వతంత్ర దేశము కాదు. రష్యా చక్రవర్తి పాలనలో నుండెను. మత్తి తండ్రి వెర్నెర్ యార్వినెన్ చక్రము విసరుటలో నేర్పరి. 1906లో ఏథెన్సు నగరమున జరిగిన క్రీడలలో, ప్రాచీన గ్రీకుల పద్ధతిని చక్రము విసరు పందెమున ఆయన ప్రథముడై నిలిచెను. తమ దేశీయు డొకడు లోకమునెదుట గెలిచినాడన్న మాట పరపాలనలో నున్న యా ప్రజలకు ఎంతటి సంతోషమును కలిగించియుండునో మనము ఊహింపగలము. మన తాతతండ్రులును పరపాలన నెరిగినవారే గదా. 1917 డిసెంబరులో ఫిన్లాండు స్వాతంత్ర్యమును ప్రకటించుకొనునప్పటికి మత్తి యెనిమిదేండ్ల బాలుడు.

తండ్రికి గ్రీకుల గాథలన్న నెంత మక్కువయో చూడుడు! తన కుమారులలో నొకనికి ఆయన అకిల్లీస్ అని పేరు పెట్టెను. ఈ అకిల్లీస్ హోమరు మహాకవి కావ్యమునకు నాయకుడు. పీలియన్ పర్వతముపై పెరిగిన చెట్టు కొయ్యతో చేసిన ఆతని ఈటెను ఆ సేనలో మరియొకడు పట్టి విసరజాలకుండెనని ఆ కావ్యము చెప్పును. ఆ పేరు పెట్టుకొన్న కుమారుడు పది పందెములు కలిసిన డెకాథ్లాను క్రీడలో 1928లోను, 1932లోను ఒలింపిక్ రజత పతకములు గెలుచుకొనెను. మరియొక సోదరుడు కల్లె ఇనుపగుండు విసరువాడు. ఇట్టి యింట పెరిగిన మత్తికి క్రీడ కొత్తగా నేర్చుకొనవలసిన విద్య కాదు. భోజనము, స్నానము వలె నిత్యకృత్యము. కాని కావ్యనాయకుని ఈటె మాత్రము, ఆ పేరు లేని తమ్మునికే దక్కెను.

ఇక నాతడు నేర్చిన విద్య యెట్టిదో కొంచెము వివరింపవలెను. ఈటె దూరము పోవుట చేతి బలముచేతనని మనమందరము తలచుచుందుము. మామిడికాయను రాతితో కొట్టిన ప్రతివాడును అట్లే తలచును. కాని లెక్క చూడుడు. మేటి విసరుగాండ్రు సెకనునకు ఆరేడు మీటర్ల వేగముతో పరుగెత్తుకొని వత్తురు. వారి చేతినుండి వెలువడు ఈటె సెకనునకు ఇంచుమించు 30 మీటర్ల వేగముతో పోవును. పరుగునకును ఈటెకును నడుమ నున్న యీ వ్యత్యాసము చివరి రెండడుగులలో, రెప్పపాటు కాలములో పుట్టవలెను. అంత వేగము నొక్కచేయి పుట్టింపజాలదు. అది కాళ్ళనుండి రావలెను.

అది వచ్చు క్రమమిది. కుడిచేతి వాటముగలవాడు మొదట ఈటెను తలపై నెత్తి పట్టుకొని నేరుగా పరుగెత్తును. కొన్ని అడుగుల పిమ్మట చేతిని వెనుకకు చాచి, ఎడమ భుజము ముందునకు వచ్చునట్లు ప్రక్కకు తిరుగును. అప్పటినుండి కుడికాలు ఎడమకాలి ముందుగా అడ్డముగా దాటుచు పోవును. ఈ అడ్డపుటడుగు పద్ధతికి ఫిన్లాండువారి పద్ధతియని లోకమున పేరు వచ్చినది. దీని ప్రయోజనమేమనగా, కాళ్ళు మొండెముకంటె ముందునకు పోవును. మొండెము వెనుకకు వాలి, చేయి ఇంకను వెనుకబడి యుండును. తుదకు కుడిపాదము నేల నంటును. ఆ మోకాలు కొద్దిగా వంగి, తుంటిని ముందునకు త్రోయును. వెంటనే, ఆలస్యము లేక, ఎడమకాలు చాపబడి, మడమ నేలకు తగిలి, కర్రవలె బిగిసి నిలువవలెను. రహస్యమంతయు ఇందే యున్నది.

పరుగెత్తు ఎడ్లబండి చక్రమునకు రాయి అడ్డుపడినపుడు బండి నిలుచును గాని, బండిలోని కుండ నిలువదు, ముందునకు ఎగిరిపడును. ఎడమకాలు ఆ రాయి. పరుగు వేగమంతయు కాలివద్ద ఆగి, తుంటికి, తుంటినుండి నడుమునకు, నడుమునుండి భుజమునకు, భుజమునుండి మోచేతికి ఎక్కును. క్రింది అవయవము ఆగిన కొలదియు పై అవయవము వేగము హెచ్చును. చర్నాకోల పిడి కొంచెమే కదలును. తాటి కొస మాత్రము చెళ్ళుమనును. చేయి ఆ కొసవంటిది. అది చివరకు కదలవలసినదే గాని, మొదట కదలవలసినది కాదు. ఎడమ మోకాలు మెత్తబడి వంగెనా, కుండకు చిల్లిపడినట్లు వేగము కాలినుండి కారిపోవును. మన బలిష్ఠుని లోపమిదియే. వాడు విసరుటకు ముందే చేతిని గుంజుచున్నాడు. ఎడమ మోకాలిని వంచుచున్నాడు.

ఈ సంగతి మన పూర్వులకును తెలియనిది కాదు. విలుకాండ్రు నిలుచు భంగిమలను అమరకోశము ఐదుగా చెప్పినది. వానిలో ప్రత్యాలీఢమనగా ఎడమకాలు ముందునకు చాచి, కుడికాలు వంచి నిలుచుటయని వ్యాఖ్యాతల వివరణము. చిన్ననాడు వల్లెవేసిన యా పదమునకు అర్థము, ఈటె విసరువాని ఛాయాచిత్రమును చూచినప్పుడుగాని నాకు చక్కగా మనసున నాటలేదు.

మత్తి యార్వినెన్ ఈ విద్యలో పండినవాడు. 1928లో స్వీడను దేశీయుడు లండ్‌క్విస్ట్ 71.01 మీటర్లు విసరి, 70 మీటర్ల హద్దును దాటిన మొదటివాడయ్యెను. 1930 ఆగస్టు 8వ తేదీన మత్తి 71.57 మీటర్లు విసరి ఆ కొలతను మించెను. అప్పటికాతని వయస్సు 21 ఏండ్లు. ఆ నెలలోనే మరి రెండు మారులు, సెప్టెంబరులో మరియొక మారు తన కొలతను తానే మించెను. ఒకమారు పెరిగినది 13 సెంటీమీటర్లు, ఇంకొకమారు 18 సెంటీమీటర్లు. నాలుగవ మారు మాత్రము మీటరునకు పైగా పెరిగి 72.93 అయ్యెను. జానెడు, బెత్తెడు చేర్చుకొనుచు పోవుటయే ఆతని తీరు. ఒక్కనాడు ఆకసమున కెగిరి, మరునాడు నేలబడువాడు కాడు. 1932 జూనులో 74.02 మీటర్లు విసరెను.

ఆ సంవత్సరమే అమెరికాలోని లాస్ ఏంజెలిసు నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. లోకమంతయు ఆర్థిక మాంద్యముచే క్రుంగియున్న కాలమది. ఐరోపా దేశములు దూరప్రయాణపు వ్యయమును భరింపలేక కొద్దిమంది క్రీడాకారులనే పంపగలిగెను. సముద్రము దాటి, ఆ ఖండము నీ కొననుండి ఆ కొనకు చేరి, ఫిన్లాండువారు ఈటె పందెమున నిలిచిరి. మత్తి 72.71 మీటర్లు విసరి స్వర్ణ పతకము నందెను. రెండవ స్థానము సిప్పాలాకు, మూడవది పెంటిలాకు దక్కినవి. మువ్వురును ఫిన్లాండువారే. మన గొలుసుతో లెక్కించిన 72.71 మీటర్లు 3 గొలుసుల 61 లింకులగును. ఈ కొలతను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు మరల పనియున్నది.

తరువాతి యేడు, అనగా 1933లో, మత్తి మూడు మారులు తన కొలతను పెంచి 76.10 మీటర్లకు చేర్చెను. 1934లో ఐరోపా ఖండమంతటికిని మొట్టమొదటి పోటీలు ఇటలీలోని టూరిను నగరమున జరుగగా, 76.66 మీటర్లతో అచ్చటను ప్రథముడయ్యెను. 1936 జూను 18వ తేదీన హెల్సింకిలో 77.23 మీటర్లు విసరెను. ఇది పదియవది. 71.57 నుండి 77.23 వరకు పది కొలతలలో నాతడు చేర్చినది 5 మీటర్ల 66 సెంటీమీటర్లు. ఆరేండ్లపాటు లోకపు కొలతను పెంచినవాడు అతడొక్కడే. ఇతరు లెవ్వరును నడుమ చొరలేదు.

ఇంతటివానికి ఆ యేడే పరీక్ష వచ్చెను. 1936 ఆగస్టులో బెర్లిను ఒలింపిక్ క్రీడలు. హెల్సింకి విసరునకును బెర్లిను పందెమునకును నడుమ ఏడువారములు మాత్రమే. స్వర్ణ పతకము మత్తిదేయని అందరు తలచియుండిరి. కాని నడుము నొప్పి ఆతనిని పట్టుకొనెను. ఈటె విసరువాని నడుము ఎట్టి శ్రమకు లోనగునో తెలిసినవారికి ఇది వింత కాదు. ఎడమకాలు బిగిసిన క్షణమున శరీరపు బరువునకు అనేక రెట్లు ఒత్తిడి ఆ కాలిపై పడును. నడుము ఎక్కుపెట్టిన విల్లువలె వంగి సాగును. దూరము నిచ్చు క్రమమే దేహమును తినునదియు నగును. కాలు చెప్పినట్లు నిలిచినను, ఆ వేగమును పైకి చేర్చవలసిన వంతెన నడుమే గదా. ఆ వంతెన చెడినపుడు చేతిబలము ఏమి చేయగలదు? మత్తి 69.18 మీటర్లే విసరగలిగి, ఐదవవాడయ్యెను. తన కొలతకంటె 8 మీటర్లకు పైగా తక్కువ. జర్మనీ దేశీయుడగు స్టొక్ 71.84 మీటర్లతో గెలిచెను. ఒలింపిక్ క్రీడలలో ఫిన్లాండువారికి సొంతమని తలపబడిన ఈటె పందెము, పోటీనెరిగిన లోకమునెదుట, మేటివాడు నిలిచియుండగనే చేజారెను.

ఓడినవాడు మరల లేచుట చరిత్రలలో సుళువుగా వ్రాయబడును. జీవితములో నది సుళువు కాదు. 1938 నాటికి మత్తికి 29 ఏండ్లు. ఆ ఆగస్టు 25వ తేదీన ఆతని దేశీయుడే, ఆతనికంటె చిన్నవాడగు నిక్కనెన్, 77.87 మీటర్లు విసరి మత్తి కొలతను దాటెను. ఎనిమిదేండ్లుగా తన పేర నున్న యాస్తి తన యింటివాని పేరనే మారినది. పట్టుమని పదునైదు దినములైనను గడువకమునుపే, సెప్టెంబరు మొదటి వారమున, పారిసు నగరమున ఐరోపా పోటీలు వచ్చెను. మత్తియు నిక్కనెనును ఒకే గీతవద్ద నిలిచిరి. ఆ దినమున మత్తి 76.87 మీటర్లు విసరి ప్రథముడయ్యెను, నిక్కనెన్ రెండవవాడు. అక్టోబరులో నిక్కనెన్ 78.70 మీటర్లకు పోయెను. కొలత మత్తికి తిరిగి రాలేదు. కాని బెర్లినులో వంగిన నడుము పారిసులో నిలిచినది. నా మట్టుకు, ఆతని పది కొలతలకంటెను ఆ పారిసు విసరే గొప్పది.

ఆ సంవత్సరమే హెల్సింకిలో నొక క్రీడారంగము పూర్తియయ్యెను. దానిప్రక్క తెల్లని గోపుర మొకటి నిలిపిరి. దాని యెత్తు 72 మీటర్ల 71 సెంటీమీటర్లు. పాఠకులు గుర్తుంచుకొన్న కొలత యిదే. నేలపై అడ్డముగా సాగిన ఈటె దూరమును ఆకాశమువైపు నిలువుగా నిలిపినారు. లెక్కలవాడనగుటచే నాకొక సందేహము కలిగెను. ఆతని మిక్కిలి పెద్ద కొలత 77.23 గదా, దానినేల నిలుపలేదు? ఆలోచింపగా తోచినదేమన, 77.23 ఆతని స్వంత గణన, 72.71 దేశమంతయు కలిసి గెలిచిన దినపు గణన. పరదేశమున పతాక మెగిరిన దినపు కొలతనే ఆ జనులు తమ గోపురమున కెత్తుకొనిరి.

ఆ రంగమున 1940లో ఒలింపిక్ క్రీడలు జరుగవలసియుండెను. కాని 1939 నవంబరు 30వ తేదీన సోవియటు సేనలు ఫిన్లాండుపై బడెను. క్రీడలు లేవు, యుద్ధమే మిగిలెను. 1943లో మత్తి అన్న అకిల్లీస్ విమాన ప్రమాదమున మరణించెను. కావ్యములోని అకిల్లీసువలెనే ఈ అకిల్లీసును యుద్ధకాలమున అకాలమరణము పాలయ్యెను. ఆ పేరు పెట్టిననాడు తండ్రి ఇట్టిది తలచియుండడు.

పండ్రెండేండ్లు ఆలసించి, 1952లో, హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు జరిగెను. అప్పటికి ఇరువది యేండ్లైనను, ఒలింపిక్ క్రీడలలో 72.71 మీటర్లను మించి విసరినవాడు లేడు. 1936లోను, 1948లోను గెలిచినవారు సైతము దానికి తక్కువే. ఆ కొలతను మించినవాడు 1952లో వచ్చెను. అమెరికా దేశీయుడగు సై యంగ్ 73.78 మీటర్లు విసరి గెలిచెను. ఎచ్చట? ఆ గోపురపు నీడలోనే. ఫిన్లాండువారు గోపురమును పడగొట్టలేదు, ఎత్తు పెంచనులేదు. కొలతలు మించబడుటకే పుట్టినవని వారికి తెలియును.

అటుపిమ్మట 1953లో 80 మీటర్లు, 1984లో 100 మీటర్లు దాటబడెను. ఈటె మైదానపు ఆ కొనను దాటి ప్రేక్షకులపై బడునేమోయను భయము గూడ కలిగి, 1986లో దాని బరువు కేంద్రమును ముందునకు జరిపి, ముందుగా నేలకు వ్రాలునట్లు చేసిరి. ఆ కొత్త ఈటెతో 1996లో చెక్ దేశీయుడగు యాన్ జెలెజ్నీ 98.48 మీటర్లు విసరెను. ఈటె మారినది, పరుగుబాట మారినది, పాదరక్షలు మారినవి. కాని ఎడమకాలు నిలువవలెనను సూత్రము మాత్రము మారలేదు.

మత్తి యార్వినెన్ 1985 జూలై 22వ తేదీన హెల్సింకి నగరమున, 76వ యేట, పరలోకగతుడయ్యెను. తన విసరంత యెత్తున్న గోపురమును జీవితకాలములోనే చూచుకొన్న భాగ్యము చక్రవర్తులలో సైతము కొందరికే కలిగియుండును.

ఇక మన యువకులకు నాలుగు మాటలు. చేతిలో కర్ర లేకుండ, గట్టుపై అడ్డపుటడుగులు నడువుడు. తొందర వలదు. కుడికాలు దాటి నేలనంటిన వెంటనే ఎడమకాలు బిగిసి నిలుచుచున్నదా యని ఒకరినొకరు చూచుకొనుడు. ఎడమచేతి వాటముగలవారు కాళ్ళను తారుమారు చేసికొనవలెను. కాళ్ళకు క్రమము పట్టుబడిన తరువాతనే కర్ర పట్టుడు. విసరుటకు ముందు ఎదుట పసులు గాని, మనుష్యులు గాని లేరని నిశ్చయించుకొనుడు. నడుము నొచ్చిన దినమున విసరకుడు. ఆనాటి విసరునకు ఆరు నెలలు వడ్డీ కట్టవలసివచ్చును.

ఆ బలిష్ఠుడైన బాలుడు రెండు మాసములుగా గట్టుపై అడుగులు నడుచుచున్నాడు. తోడివారు మొదట నవ్విరి. వాడింకను ఆ బక్కపలుచని వానిని మించలేదు. కాని నాలుగు బారల యెడము రెండు బారలైనది. నేనే కొలిచితిని.

ఇరువది యైదేండ్ల క్రిందట నాలుగు పుస్తకములు, ఒక బల్ల, ఒక లాంతరుతో మన గ్రంథాలయము మొదలైనది. ఒక్కసారిగా నేమియు పెరుగలేదు. ఏడాదికి బెత్తెడు, జానెడుగా పెరిగినది. నడుమ నడుము వంగిన సంవత్సరములును గలవు. చందాలు రాక తలుపులు మూతబడిన మాసములను నా లెక్కల పుస్తకము ఎరుగును. అయినను నిలిచినది. దీని కొలతను మించు కొలతను రేపటి పిల్లలు వేయుదురుగాక. గోపురము మాత్రము వారి యెదుట నిలిచియుండవలెను. అది మన బాధ్యత.